రద్దయిన బిల్లు – కోతపడిన జీతం

రద్దయిన టిక్కెట్టు విలువ ఎంతటిదో బుకింగ్ కౌంటరులో పనిచేసే రైల్వే సోదరునికి వేరుగా చెప్పనక్కరలేదు. పాడైన రసీదును చించి పారవేయరాదని, దానిపై ‘రద్దు’ అని వ్రాసి లెక్కలతో భద్రపరచవలెనని తపాలా ఉద్యోగికీ తెలుసు. ఈ కట్టుబాటు ప్రభుత్వ సొమ్మునే గాక ఉద్యోగి గౌరవాన్ని కూడ కాపాడుతున్నది. ఇదే కట్టుబాటు అనేక హోటళ్ళలో, క్యాంటీన్లలో కొరవడినందున, రద్దయిన ప్రతి బిల్లు చివరకు సర్వరు జీతం మీదికే వచ్చి పడుతున్నది. ఈ అన్యాయాన్ని మన సంఘాలు పట్టించుకొనక తప్పదు.

రద్దులన్నీ ఒకటి కావు. వంట మొదలు కాకమునుపే వినియోగదారుడు మనసు మార్చుకొంటే పోయేది కాగితమే. దోసె పెనం మీదినుండి దిగిన పిమ్మట రద్దయితే పిండి, నూనె, గ్యాసు, వంట మాస్టరు శ్రమ వృథా. డబ్బు పుచ్చుకొన్న తరువాత రద్దయితే మాత్రం విచారణ అవసరం. ఈ మూడింటినీ ఒకే గాట కట్టుటలోనే పొరపాటున్నది.

ఒక క్యాంటీనులో రోజుకు 6 బిల్లులు, ఒక్కొక్కటి 80 రూపాయల చొప్పున రద్దయినవనుకొందాం. నెలకు 14,400 రూపాయలు పోయినట్లు పైకి కనిపిస్తుంది. అందులో రోజుకు 4 వంటకు ముందే రద్దయినవైతే, ఆ మొత్తం 4,800 రూపాయలకు మించదు. కారణం వ్రాయని చోట ఈ తేడా ఎవరికీ తెలియదు. అనుమానం మాత్రం అందరి మీదా పడుతుంది.

డబ్బు జేబులో వేసుకొని బిల్లు రద్దు చేసేవారు అసలే లేరని మేము వాదించడం లేదు. అటువంటివారిని సంఘం వెనుకేసుకొని రాదు. కాని బిల్లు యంత్రంలో రద్దు చేసే రహస్య సంకేతం మేనేజరుతో పాటు పదిమందికీ తెలిసియున్నప్పుడు దొంగ ఎవరో, దొర ఎవరో తేలేదెట్లు? ఫోను ద్వారా చెల్లించిన సొమ్ము జమ అయినదో లేదో కౌంటరులో చూచుకొనక, తరువాత ఆ లోటును సర్వరు పేర వ్రాయుట ఏ న్యాయం?

నష్టం ఉద్యోగి నిర్లక్ష్యం వల్లనో తప్పు వల్లనో నేరుగా కలిగియుండాలని, సంజాయిషీకి అవకాశమివ్వకుండా కోత విధించరాదని, కోత నష్టాన్ని మించరాదని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నిర్దేశించింది. 2019 వేతనాల కోడ్ కూడ ఈ సూత్రాన్నే నిలిపింది. చట్టం దృష్టిలో అనుమానం ఋజువు కాదు.

నివారణ కష్టమేమీ కాదు. బిల్లులకు, వంటింటికి వెళ్ళే ఆర్డరు చీటీలకు వరుస సంఖ్యలుండాలి. రద్దు చేసేవారు ఒకరు, అనుమతించేవారు మరొకరు కావాలి. వేళ, కారణం, ఇద్దరి సంతకాలు పుస్తకంలో ఉండాలి. రాత్రి గల్లాపెట్టె లెక్క చూచేటప్పుడే రద్దులను చీటీలతో సరిచూడాలి. ఒకే కారణం పదేపదే కనిపిస్తే, జీతం కోయుటకు ముందు వంటింటి ఆలస్యాన్ని, ఆర్డరు తీసుకొనే పద్ధతిని సరిదిద్దాలి.

ఇది పరాయివారి గొడవ అనుకొనరాదు. రైల్వేలోని చట్టబద్ధ క్యాంటీన్ల సిబ్బంది రైల్వే ఉద్యోగులేనని 1990లో ఎం.ఎం.ఆర్. ఖాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అకారణంగా డెబిట్ పడితే కలిగే బాధ మనకు తెలియనిది కాదు. కనుక క్యాంటీను కమిటీలలో ఉన్న మన ప్రతినిధులు రద్దు పుస్తకాన్ని తమ క్యాంటీనులోనే ముందుగా తెరిపించాలి. లెక్క సరిగా ఉన్నచోట సంస్థకు ఆదాయం దక్కుతుంది. శ్రామికునికి జీతం పూర్తిగా దక్కుతుంది.