క్రిస్మస్‌కు ఏం కట్టుకుందాం?

డిసెంబరు నెల వచ్చిందంటే క్రైస్తవ గృహాల్లో బట్టల మాట మొదలవుతుంది. సెమీ క్రిస్మస్‌కు ఒక జత, 24వ తేదీ రాత్రి క్యాండిల్ లైట్ సర్వీసుకు ఒక జత, 25వ తేదీ ఉదయం ఆరాధనకు అసలైన పండుగ జత, 31వ తేదీ రాత్రి వాచ్ నైట్‌కు మరొకటి, తెల్లవారితే కొత్త సంవత్సరానికి ఇంకొకటి. దర్జీ ముందే చేతులెత్తేస్తాడు. పిల్లలు రోజూ అడుగుతుంటారు. ఇంటి యజమాని మాత్రం ఇంటి అద్దె, పిల్లల ఫీజు, పాలవాడి బాకీ తీసేయగా మిగిలేదెంత అని లెక్క వేసుకుంటూ ఉంటాడు. ఏం కట్టుకోవాలా అని చింతపడవద్దని ప్రభువు కొండమీది ప్రసంగంలో బోధించాడు. ఆయన పుట్టినరోజుకే మనం ఎక్కువగా చింతపడేది ఆ విషయం గురించే!

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పండక్కి కొత్త బట్టలు కట్టుకోవడం పాపం కాదు. ఏదెను తోటలో సిగ్గుపడి దాక్కున్న ఆదాము హవ్వలకు చర్మంతో చొక్కాయిలు చేసి తొడిగినవాడు దేవుడే (ఆదికాండము 3:21). హన్నా ప్రతి సంవత్సరం బలి అర్పించడానికి షిలోహుకు వెళ్లేటప్పుడు చిన్నవాడైన సమూయేలుకు ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్లేది (1 సమూయేలు 2:19). ఏడాదికొక పండుగ, ఏడాదికొక కొత్త అంగీ! కొలత తీయడానికి పిల్లవాడు దగ్గర లేడు. ఈపాటికి ఎంత ఎదిగి ఉంటాడో అని ఊహించుకుంటూ ఆ తల్లి కుట్టి ఉంటుంది. హాస్టల్లో చదువుకునే బిడ్డకు బట్టలు కొనే తల్లులందరికీ ఈ సంగతి బాగా అర్థమవుతుంది. సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతి చలికాలానికి భయపడదు, ఎందుకంటే ఇంటివారందరికీ ముందే మంచి బట్టలు సిద్ధం చేసింది. ఆమె కూడా మంచి బట్టలే కట్టుకుంది. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుడికి తండ్రి మొదట తెప్పించింది భోజనం కాదు, ఇంట్లో ఉన్న వాటిలో శ్రేష్ఠమైన వస్త్రం. కాబట్టి బట్ట ప్రేమకు గుర్తు కాగలదు.

అయితే అదే బట్ట ఇంటిని చీల్చనూ గలదు. యాకోబు పన్నెండుమంది కొడుకుల్లో ఒక్కడికే విచిత్రమైన అంగీ కుట్టించాడు. తక్కిన అన్నదమ్ములు అది చూసి ఓర్వలేకపోయారు. చివరికి ఆ అంగీయే మేకపిల్ల రక్తంలో తడిసి తండ్రి చేతికి వచ్చింది. తప్పు నూలుది కాదు, రంగుది కాదు. ఒకడిని ఎత్తి, మిగిలినవారిని తగ్గించినందువల్ల వచ్చిన అనర్థమది.

ఇప్పుడు మన సంఘాల వైపు చూద్దాం. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో ఒక దృశ్యం చూపిస్తాడు. బంగారు ఉంగరం, మెరిసే బట్టలతో ఒకడు సమాజ మందిరానికి వస్తే మంచి చోట కూర్చోబెడతారు, మాసిన బట్టలతో బీదవాడు వస్తే పక్కన నిలబడమంటారు. మన మందిరాల్లో ఎవరూ ఎవరినీ అలా నోటితో అనరు. అనవలసిన అవసరం కూడా లేదు. స్త్రీల సమాజం వారు ఈ ఏడాది అందరికీ ఒకే రంగు చీర అని తీర్మానిస్తారు. ఒక్కో చీరకు ఇంత అని వసూలు మొదలవుతుంది. ఇవ్వగలిగినవారు ఇస్తారు. కూలి పనికి వెళ్లే సహోదరి 'నాకు ఒంట్లో బాగుండటం లేదమ్మా, ఈసారి పాడను' అంటుంది. అందరూ నిజమే అనుకుంటారు. క్వయర్‌లో పాడే యువకులకు ఒకే రకం షర్టు, ఒకే రకం కోటు అంటారు. బాగా పాడే కుర్రవాడొకడు చివరి రెండు రిహార్సల్స్‌కు రాడు. 25వ తేదీ ఉదయం మందిరం నిండిపోయిందని మనం సంతోషిస్తాం. కానీ రాని కుటుంబాలను ఎవరు లెక్కపెట్టారు? పిల్లలకు కొత్త బట్టలు లేవని, పాతవి వేసి తీసుకువస్తే నలుగురిలో చిన్నబోతారని, ఊరికి వెళ్లామని చెప్పి ఇంట్లోనే ఉండిపోయిన తల్లులు ప్రతి పెద్ద సంఘంలోనూ ఉన్నారు. మేము పాస్టర్లం గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు జనవరిలో ఈ సంగతులు బయటపడుతుంటాయి. అప్పటికి పండుగ అయిపోయి ఉంటుంది.

మరికొందరు రాకుండా ఉండలేక అప్పు చేస్తారు. చెవి కమ్మలు తాకట్టు పెట్టి, లేదా నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి బట్టలు కొంటారు. నూటికి నెలకు ఐదు అంటే ఏడాదికి అరవై. పదివేలు తెస్తే వచ్చే క్రిస్మస్ నాటికి వడ్డీయే ఆరువేలు. బట్ట వెలిసిపోతుంది, బాకీ మాత్రం కొత్తగానే ఉంటుంది! బీదవాడు పైవస్త్రం తాకట్టు పెడితే పొద్దు గుంకకముందే తిరిగి ఇచ్చేయమని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. రాత్రి చలికి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటేనని కారణం కూడా చెప్పింది (నిర్గమకాండము 22:26, 27). విధవరాలి వస్త్రాన్ని అసలు తాకట్టే పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. బట్ట కోసం బీదవాడు అప్పుల పాలు కాకూడదన్నది దేవుని మనసు. ఆయన కుమారుని పండుగ పేరిట అదే జరగడం ఎంత విచారకరం!

కొందరు పెండ్లి విందు ఉపమానాన్ని గుర్తుచేస్తారు. పెండ్లి వస్త్రం లేనివాడిని రాజు బయటికి పంపించాడు కదా, దేవుని సన్నిధికి మంచి బట్టలతో రావద్దా అంటారు. ఆ విందుకు వచ్చినవారు ఎవరో మత్తయి 22వ అధ్యాయంలోనే ఉంది. దారుల వెంట కనబడినవారందరినీ దాసులు పోగుచేసి తెచ్చారు. అలాంటివారిని పిలిచిన రాజు ఖరీదైన బట్ట అడుగుతాడా? అక్కడ అడిగింది మారిన జీవితాన్ని.

బేత్లెహేములో గొల్లలకు దూత ఇచ్చిన ఆనవాలు ఏమిటి? పొత్తిగుడ్డలతో చుట్టి, పశువుల తొట్టెలో పడుకోబెట్టిన శిశువు. ఆ దేశంలో పుట్టిన ఏ బిడ్డకైనా చుట్టే మామూలు గుడ్డ పేలికలవి. రాజాధిరాజు వస్తున్నాడంటే ఊదారంగు వస్త్రాలు వెతకాలి. కానీ గొల్లలు వెతికింది తమ ఇళ్లలో ఉండేలాంటి గుడ్డనే. అందుకే వారు జంకకుండా లోపలికి వెళ్లగలిగారు. రాత్రంతా పొలంలో మంద కాచినవారు ఆ బట్టలతోనే మొదటి క్రిస్మస్ ఆరాధన చేశారు. ఈనాడు వాళ్లు అలాగే మన మందిరానికి వస్తే ఏ వరుసలో కూర్చోబెడతాం?

18వ శతాబ్దంలో జాన్ వెస్లీ దుస్తుల మీదే ఒక ప్రసంగం రాశాడు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం ఆధారంగా రాసిన ఆ ప్రసంగంలో తన సొంత అనుభవం ఒకటి చెప్పాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో, కొరికే చలిలో, ఒక పిల్ల పలుచని బట్టతో ఆయన గదికి వచ్చింది. బట్టలు కొనుక్కోమని ఇవ్వడానికి జేబులో చెయ్యి పెడితే డబ్బు దాదాపు అయిపోయి ఉంది. గోడలకు పటాలు కొని అలంకరించుకున్నాడు మరి. ఆ పిల్లకు చలి తీర్చవలసిన డబ్బు తన గోడల మీద వేలాడుతోందని ఆయన మనసు ఆయనను నిలదీసింది. మెదక్ మహాదేవాలయాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ వెస్లీ పరంపరకు చెందిన మిషనరీయే. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని సాగించిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. మన తెలుగు నేల మీద ఎంతో గొప్ప క్రిస్మస్ కట్టడం వెనుక ఆకలి తీర్చాలన్న ఆలోచన ఉంది. ఆ వారసులమైన మనం వెస్లీ వేసుకున్న ప్రశ్ననే మన బీరువా ముందు నిలబడి వేసుకోవద్దా?

ఇక ఆచరణలో ఏం చేద్దాం? ఆగమన కాలం మొదటి ఆదివారమే కుటుంబమంతా కూర్చొని, అప్పు లేకుండా ఎంత ఖర్చుపెట్టగలమో పిల్లల ముందే తేల్చుకుందాం. పిల్లలకు లెక్క తెలిస్తే మారాం తగ్గుతుంది. అన్ని సందర్భాలకూ ఒక్కో జత అనుకోకుండా, ఒక మంచి జత తీసుకొని మిగిలిన రోజులకు ఉన్నవాటినే ఉతికి, ఇస్త్రీ చేసి కట్టుకుందాం. ఒకే చీరకు రెండు రవికెలు, ఒకే ప్యాంటుకు రెండు షర్టులు ఉంటే పండుగలన్నీ గడిచిపోతాయి. కొనేది మంగళగిరి చీరో, పోచంపల్లి బట్టో, చీరాల నేతో అయితే మన డబ్బు ఒక చేనేత కుటుంబానికి పండుగ అవుతుంది. అది ఏడాది పొడవునా ఆదివారాలు కట్టుకోవడానికీ పనికొస్తుంది. ఎదిగే పిల్లలకు మడతలో కాస్త బట్ట ఎక్కువ ఉంచి కుట్టిస్తే మరుసటి ఏడు విప్పి పొడవు చేసుకోవచ్చు. అన్నిటికంటే ముందు చలి సంగతి చూద్దాం. వాచ్ నైట్ ఆరాధన అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. ఆదిలాబాదు పల్లెల్లో, అరకు, లంబసింగి కొండల్లో డిసెంబరు చలి ఎలా ఉంటుందో అక్కడివారికి తెలుసు. పట్టు చీర కొని అత్తగారికి శాలువా కొనకపోతే, జిగేలుమనే గౌను కొని పసిబిడ్డకు స్వెటర్ మరచిపోతే అది మంచి కొనుగోలు కాదు.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాల వారికి ఒక మనవి. ఈ ఏడాది యూనిఫాం చీరలు, కోట్లు మానేయండి. అందరూ ఒకేలా కనిపించాలనుకుంటే ఎవరింట్లో ఉన్న తెల్లబట్ట వారు కట్టుకోమనండి. ఆ వసూలు చేయదలచిన డబ్బుతో బీద కుటుంబాల పిల్లలకు బట్టలు కొనండి. మన బీరువాలో ఖాళీ కోసం తీసేసిన పాతవి కాకుండా, మన పిల్లలకు కొన్నలాంటివే కొనండి. వేదిక మీదికి పిలిచి, ఫోటో తీసి ఇవ్వకండి. తల్లిదండ్రుల చేతికే ముందుగా, గుట్టుగా ఇస్తే, పిల్లలకు కొన్నది వారే అవుతారు. ఆ గౌరవం కూడా మన కానుకలో భాగమే. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె తమ కోసం కుట్టిన అంగీలనే. ఆమె తాను ఏ బట్టలు కట్టుకునేదో అపొస్తలుల కార్యముల గ్రంథంలో రాసి లేదు.

ఆగమన కాలపు మొదటి ఆదివారాన అనేక సంఘాలు చదివే రోమా పత్రిక 13వ అధ్యాయం క్రీస్తునే వస్త్రంగా ధరించుకోమంటుంది. జాలి, దయ, వినయం, ఓర్పు మనం ధరించవలసినవని కొలస్సీ పత్రిక చెబుతుంది. వీటికి దర్జీ అక్కరలేదు, వడ్డీ లేదు, ఏడాదికేడాదికీ పాతబడవు. రెండు అంగీలున్నవాడు లేనివాడితో పంచుకోవాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన మాటను ఈ వారమే మన బీరువా తెరచి పాటిద్దాం. 25వ తేదీ ఉదయం మన మందిరంలో బట్టలు లేక ఇంట్లో ఆగిపోయిన బిడ్డ ఒక్కరూ లేకుండా చూద్దాం. అట్టి క్రిస్మస్‌ను ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.