పొలం కాగితాలు చూసే జూనియరు ప్లీడరుకు మూడేళ్లు పస్తులేనా?

ఎకరం పొలం కొనాలన్నా, అన్నదమ్ముల గట్టు తగాదా తేలాలన్నా పల్లె రైతు చివరకు ఎక్కేది పట్టణంలోని ప్లీడరు గారి మెట్లే. అయితే రైతు తెచ్చిన కాగితాల సంచీని మొదట విప్పి చూసేది చాలాచోట్ల ప్లీడరు గారు కాదు. ఆయన వద్ద పని నేర్చుకుంటున్న జూనియరు. ఆ జూనియరుకు నెల తిరిగేసరికి చేతికి ఏమి ముడుతున్నదనేది వకీళ్ల ఇంటి విషయమని రైతులు అనుకోవచ్చు. కాని అది రైతు పొలానికి సంబంధించిన విషయం కూడా.

పొద్దుటి నుంచి రాత్రి దాకా

లా డిగ్రీ చేతికి వచ్చాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, అఖిల భారత బార్ పరీక్ష ప్యాసైతే ప్లీడరు అయినట్టే. పని వచ్చినట్టు మాత్రం కాదు. అది సీనియరు ఆఫీసులోనే నేర్చుకోవాలి. ఉదయం 8 గంటలకల్లా ఆఫీసు చేరి ఆనాటి వాయిదాల కట్టలు తీసి పెట్టాలి. పదిన్నరకు కోర్టు. కేసు పిలిచినప్పుడు లేచి నిలబడి, సీనియరు మరో కోర్టులో వున్నారని జడ్జిగారికి విన్నవించి వాయిదా కోరాలి, మందలిస్తే పడాలి. మధ్యాహ్నం తీర్పు నకళ్లకు అర్జీలు పెట్టాలి. ఈసీ, అడంగల్, వన్-బీ ఇప్పుడు కంప్యూటరులో దొరుకుతున్నప్పటికీ, పాత దస్తావేజుల కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, పాత రికార్డు కోసం తాసీల్దారు ఆఫీసు తిరగక తప్పదు. సాయంత్రం కక్షిదారులు చెప్పింది రాసుకుని దావా చిత్తు తయారుచేయాలి. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదో, పదో అవుతుంది.

కాగితంలో కనపడనిది

ఈ తిరుగుడులోనే రైతు భద్రత వున్నది. ఈసీ తీయించాం, ఇక భయం లేదని చాలామంది రైతులు నమ్ముతారు. కాని ఈసీలో రిజిస్టరయిన లావాదేవీలే కనపడతాయి. రిజిస్టరు కాని వీలునామా, నోటి మాటగా జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనపడకపోవచ్చు. రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజును రిజిస్టరు చేస్తుందే గాని, అమ్మినవానికి పూర్తి హక్కు వున్నదని హామీ ఇవ్వదు.

ఆడపిల్లల వాటా సంగతే చూద్దాం. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు 1985 సెప్టెంబరు 5 నుంచి సమాన వాటా వచ్చింది. అయితే అది అప్పటికి పెళ్లికాని వారికే. దేశమంతటా కుమార్తెలందరికీ ఆ హక్కు వచ్చింది 2005 సెప్టెంబరు 9 నుంచి. తండ్రి ఆ తేదీకి ముందే కాలం చేసినా కుమార్తె హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక ఆడపడుచు సంతకం లేకుండా అన్నదమ్ములే అమ్మిన పొలం కొంటే రేపు దావా రావచ్చు. అలాగే భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటినవాటికి 2023లో సడలింపు ఇచ్చారు. ఫలానా పొలం ఏ తరగతిలోకి వస్తుందో పాత రికార్డు తిరగేస్తేనే తెలుస్తుంది. అది తిరగేసేది జూనియరే.

భూ హక్కుల తగాదాలను సివిలు కోర్టుల నుంచి తప్పించే భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి రాగా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి ఆందోళన చేశారు. 2024లో ఆ చట్టం రద్దయింది. అంటే హక్కు ఎవరిదో తేల్చవలసింది ఇప్పటికీ సివిలు కోర్టే. కాగితాలు చదవగల కుర్రకారు అవసరం తగ్గలేదన్నమాట.

జీతం మాట ఎత్తితే...

ఇంత పనికీ ప్రతిఫలం ఏమిటి? చిన్న పట్టణాల్లో జూనియరుకు నెల జీతమనేది ఆనవాయితీ కాదు. సీనియరు దయతలచి ఇచ్చిన దారి ఖర్చులే దక్కుబడి. పట్టణంలో సొంత ఇల్లు, తండ్రి సంపాదన వున్నవారు నెట్టుకు వస్తారు. కౌలు రైతు కొడుకో, కూలివాని కూతురో అయితే ఏడాది తిరక్కుండానే నల్లకోటు మడిచిపెట్టి మరో కొలువు వెతుక్కోవలసిందే.

పైవారు ఈ సంగతి గమనించకపోలేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త న్యాయవాదులకు మూడేళ్లపాటు నెలకు 5,000 రూపాయల భృతి పథకం ప్రారంభించింది. పేరు నమోదుకు చట్టంలో వున్న 750 రూపాయలకు మించి, షెడ్యూల్డు కులాలు, తెగలవారి నుంచి 125 రూపాయలకు మించి వసూలు చేయరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో భారత బార్ కౌన్సిల్, జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వవలసిందిగా సీనియర్లను కోరింది. అయితే అది సిఫార్సే గాని శాసనం కాదు.

ఇదిలా వుండగా, సివిలు జడ్జి ఉద్యోగ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం మూడేళ్లు ప్లీడరుగా పనిచేసి వుండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. కోర్టు మొహం చూడనివారు తీర్పులు చెప్పరాదన్న ఉద్దేశం మంచిదే. కాని ఆ మూడేళ్లూ తిండి పెట్టేదెవరు? పస్తులుండలేనివాడు ప్లీడరూ కాలేడు, జడ్జీ కాలేడు. పల్లె సంగతి తెలిసినవారు కోర్టులో అటువైపునా ఇటువైపునా కరువైతే నష్టపోయేది పల్లెలే.

సీనియర్ల ఇబ్బంది

సీనియర్ల వాదననూ తోసిపుచ్చలేం. చిన్న కోర్టుల్లో ఫీజు పంటల చేతికి వచ్చినప్పుడు వచ్చేదే, ఒక్కోసారి రానేరాదు. నెలకు 15,000 చొప్పున ఇద్దరు జూనియర్లకు ఇమ్మంటే తాము ఎక్కడి నుంచి తేవాలని వారు అడుగుతారు. అందుకే ఈ భారం ఒక్కరి నెత్తిన వేయక ప్రభుత్వం, బార్ కౌన్సిల్, సీనియర్లు పంచుకోవాలి. భృతి ఏ నెలకానెల ముట్టాలి. సీనియరు వద్ద నిజంగా పని నేర్చుకుంటున్నవారికే అందాలి. ఇంటి పని, బజారు పని చేయించుకోవడం పని నేర్పడం కాదు.

రైతుల బాధ్యత కూడా కొంత వున్నది. లక్షలు పోసి పొలం కొనేవారు కాగితాలు చూపించడానికి వెయ్యి, రెండు వేలు వెనుకాడుతున్నారు. బయానా ఇచ్చాక ప్లీడరు వద్దకు పరుగెత్తడం కంటె, ఇవ్వకముందే చూపించి కూలి చెల్లించడం మేలు. కోర్టులో గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని సామెత. ఆ ఏడుపు ముందే తప్పించగల కుర్రవాడిని ఆకలితో ఇంటికి పంపితే, రేపు మన సంచీ విప్పి చూసేవారెవరో ఆలోచించుకోవాలి.