షిఫ్టులున్న ఇంట్లో అరగంట పాస్తా

జ్యోతినగర్, గోదావరిఖని వైపు చాలా ఇళ్లలో రాత్రి భోజనానికి ఒక టైమంటూ ఉండదు. సింగరేణి గనులైనా, ఎన్టీపీసీ ప్లాంటైనా పని షిఫ్టుల్లోనే నడుస్తుంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంట్లో కూర్చునే పనిచేసినా, సరిగ్గా వంట టైముకే అమెరికా మీటింగ్ ఉంటుంది. అందరి షిఫ్టులూ మారతాయి, పొయ్యి దగ్గర డ్యూటీ మాత్రం మారదు. చాలా ఇళ్లలో అది అమ్మదే.

అందుకే ఈ వారం పాస్తా. అన్నం, కూర, చారు వండటం రానివాళ్లు కూడా అరగంటలో ఇంటిల్లిపాదికీ పెట్టగలిగే వంట ఇది. సోమవారాలు, శనివారాలు నీసు ముట్టని ఇళ్లకూ సరిపోతుంది.

ఇదేదో కొత్త వంట అనుకోకండి. మన సేమియా ప్యాకెట్ మీద వెర్మిసెల్లీ అని ఉంటుంది కదా, అది ఇటలీలో ఒక రకం పాస్తా పేరే. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసిందైతే తొందరగా ముద్దవదు.

ఉడికించడం

నలుగురికి 350 గ్రాముల పాస్తా, మూడున్నర లీటర్ల నీళ్లు, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల ఉప్పు. నీళ్లకు మూత పెడితే త్వరగా మరుగుతాయి. ప్యాకెట్ మీద చెప్పిన టైముకు ఒక నిమిషం ముందే దించండి. వార్చే ముందు ఒక కప్పు నీళ్లు తీసి పెట్టుకోండి. అందులోని గంజి వల్లే మసాలా పాస్తాకు పట్టుకుంటుంది. చల్లనీళ్లతో కడిగితే ఆ గంజి పోతుంది, కడగొద్దు.

టమాటా, ఎల్లిగడ్డ

మూడు చెంచాల నూనెలో ఎనిమిది ఎల్లిపాయ రెబ్బలు, రెండు తుంచిన ఎండుమిర్చి సన్నమంట మీద వేయించాలి. ఆరు టమాటాలు తరిగి వేసి, ఉప్పు చల్లి మగ్గనివ్వాలి. పాస్తా ఉడికేలోపు ఇదీ అయిపోతుంది. రెండూ కలిపి, తీసిపెట్టిన నీళ్లు అర కప్పు పోసి ఒక నిమిషం తిప్పండి.

పల్లీ, కొత్తిమీర

ఇటలీవాళ్ల పెస్టో అంటే దంచినది అని అర్థం. మన రోటి పచ్చడి లాంటిదే. వేయించిన పల్లీలు అర కప్పు, కొత్తిమీర రెండు కట్టలు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, రెండు పచ్చిమిర్చి, ఉప్పు, నాలుగు చెంచాల నూనె మిక్సీలో బరకగా పట్టండి. నిమ్మకాయ పిండి, వేడి పాస్తాలో కలపండి. దీనికి పొయ్యి మీద ఒక్క గిన్నె చాలు.

పాలకూర, శనగలు

ఉత్త పాస్తా తింటే పిల్లలకు మళ్లీ ఆకలేస్తుంది. గోధుమలో తక్కువుండే లైసిన్ శనగల్లో బాగా ఉంటుంది కాబట్టి రెండూ కలిస్తే మంచి భోజనం. శనగలు ముందురోజు రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్లో పప్పుతో పాటే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. సాయంత్రం ఉల్లిగడ్డ, పాలకూర, శనగలు వేయించి పాస్తా కలిపితే చాలు.

రెండో షిఫ్టు వాళ్లకు

రాత్రి పొద్దుపోయి వచ్చేవాళ్ల వాటా రెండు నిమిషాలు ముందే వార్చి, చెంచాడు నూనె కలిపి, మసాలా వేరుగా ఫ్రిజ్‌లో ఉంచండి. వచ్చాక మూకుడులో కొంచెం నీళ్లు చల్లి రెండూ కలిపి వేడిచేసుకుంటే ముద్దవదు. ఆ పని వాళ్లే చేసుకోగలరు, పడుకున్నవాళ్లను లేపక్కర్లేదు.

ఎల్లిగడ్డ ఒలిచే పని పిల్లలకు, నీళ్లు మరిగించే పని నాన్నకు ఇవ్వండి. కొలతలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. ఎవరు ముందు ఇంటికొస్తే వాళ్లే మొదలుపెట్టొచ్చు.