మితమే మందు, అమితమే విషము



గోధుమరంగు మచ్చలు గల పండ్లతో బడికి వచ్చిన బాలుని జూచి, “పండ్లు తోముకొనవా?” యని నేనొకప్పుడు గద్దించితిని. వాడు నల్లగొండ సీమలోని పల్లెవాడు. దినమునకు రెండుమార్లు తోముకొనువాడే. తప్పు వానిది కాదు, వాడు పసితనమున త్రాగిన నీటిది. ఆ సిగ్గే నాచే నీ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

సోడియం ఫ్లోరైడు వాసన లేని తెల్లని లవణము, నీటిలో కరగును. పెక్కు టూత్‌పేస్టులలో నిది కొలదిగా నుండి, పంటి పైపొరను గట్టిపఱచి పుచ్చును నివారించును. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున 1945లో దీనిని త్రాగునీట కొలిచి కలుప నారంభించిరి. బొద్దింకలను జంపుటకును ఈ లవణమునే వాడియున్నారు. మందును విషమును ఒక్కటే, భేదము కొలతయందున్నది.

మన సీమలో రాతిపొరలనుండి ఫ్లోరైడు కొలత లేకయే భూగర్భజలములలోనికి దిగుచున్నది. లీటరు నీటిలో నది 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. మించినచో, పండ్లు ఏర్పడు వయస్సున వానికి మచ్చలు పడును. ఏండ్లు గడచిన కొలది కీళ్ళు బిగిసి నడుము వంగును. నాటి మద్రాసు రాష్ట్రమునందలి యీ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లో ప్రకటించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము చెంత, మన తార్నాకలోనే యున్న జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఇట్టి ప్రాంతముల పిన్నవయస్కుల మోకాళ్ళు లోనికి వంగుటను గూర్చి 1973లో వెల్లడించిరి. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపురపు శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. దానికి నల్లగొండ పేరే నిలిచినది.

నీటిని కాచిన చాలునని కొందఱు తల్లులు తలంతురు. కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది దాని పాలు హెచ్చును. కావున ప్రతి పాఠశాలయు తన బావినీటిని, బోరునీటిని పరీక్ష చేయించి, ఆ యంకెను అందఱు చూచునట్లు నల్లబల్లపై వ్రాయవలెనని నా యభిప్రాయము. తలిదండ్రులు చిన్నబిడ్డలకు పేస్టును బఠాణీగింజకు మించకుండ నిచ్చి, మ్రింగనీయక ఉమియించవలెను. ఉపాధ్యాయులమగు మేము బిడ్డను గద్దించుటకు ముందు, వాని యూరి నీటిని గూర్చి యడుగవలెను.

చిన్నవారికి గిన్నెడు నీళ్ళిచ్చుటను మన ప్రభువు గొప్ప సేవగా నెంచెను. ఆ నీరు మంచిదో కాదో విచారించుటయు ఆ సేవలోనిదే.