.32 బోరా, .22 బోరా? మన యువకులకు ఒక జవాబు

కొంతకాలంగా మన సంఘాల యువకులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. జేబులోనో నడుము దగ్గరో దాచుకోగల చిన్న రివాల్వర్ కొనాలంటే ఏ బోరు మంచిది? .32 తీసుకోవాలా, .22 సరిపోతుందా? రాయగడ, బిస్సమ్ కటక్, మునిగుడ ప్రాంతంలో ఈ మాట నవ్వులాటకు పుట్టలేదు. 2008 ఆగస్టులో తగలబడిన కంధమాల్ మన రాయగడకు పొరుగు జిల్లా. అక్కడ 50 వేల మందికి పైగా ఇళ్లు విడిచి అడవులకు, శిబిరాలకు పారిపోయారు. అలాంటి చోట బతికేవారి భయం నిజమైనది. "విశ్వాసం ఉంటే భయమెందుకు" అని వారికి సుద్దులు చెప్పడం మాకు ఇష్టం లేదు. మా అభ్యంతరమల్లా ఆ భయానికి రివాల్వర్‌ను మందుగా చూపించడం మీద. దానికి లేఖనాధారాలు వెతికి పెడుతున్న మన తోటి సేవకుల మీద మరీ ఎక్కువ.

అడిగిన ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు గనుక ముందు బోరు సంగతే చూద్దాం. మన దేశంలో ఇది మన ఇష్టానికి వదిలిన విషయం కాదు. 1959 ఆయుధ చట్టం కింద సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం., .38, .45 వంటి తూటాలు పేల్చేవి నిషిద్ధ బోరు లెక్కలోకి వస్తాయి. మామూలు పౌరుడికి చేతి తుపాకుల్లో ముఖ్యంగా మిగిలేవి .32, .22. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ 'నిర్భీక్' అనే .32 రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, ధర లక్షా 20 వేల పైమాటే. తర్వాత ఈశాపూర్ నుంచి .22 బోరుతో 'నిడర్' వచ్చింది, సుమారు పావుకిలో. 2023లో మళ్లీ కాన్పూర్ నుంచే 'ప్రబల్' వచ్చింది, అదీ .32.

చిన్న రివాల్వర్‌లో చిక్కు ఎక్కడుందో వాడేవాళ్లకు తెలుసు. తుపాకీ తేలికైన కొద్దీ పేల్చినప్పుడు చేతిని ఎక్కువగా తన్నుతుంది. గొట్టం పొట్టిదైన కొద్దీ తూటా వేగం తగ్గుతుంది, గురి కుదరదు. .22 అయితే చెయ్యి అదరదు గానీ దెబ్బలో బలం తక్కువ, తూటా పేలకుండా మొరాయించే అవకాశమూ ఎక్కువ. .32 దానికంటే నయం, కానీ అదీ 19వ శతాబ్దం చివరినాటి పాత తూటాయే. క్రమం తప్పకుండా సాధన చేయనివాడికి ఈ రెంటిలో ఏదైనా ఒకటే. ఆ సాధనకు తూటాలు కొనాలి, వాటికీ లైసెన్సు మీద లెక్క ఉంటుంది. ఇంతా చేసి చేతిలో ఉండేవి ఆరో ఎనిమిదో తూటాలు. కంధమాల్ పల్లెల మీదికి వచ్చింది ఆరుగురు కాదు.

ఇంకో సంగతి. ఈ లైసెన్సు ఎవరికి దొరుకుతుంది? కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి, ప్రాణానికి ముప్పుందని నమ్మించాలి. భూమి, పలుకుబడి ఉన్న కుటుంబాలకు ఈ దారి తెలుసు. కొండవాలు పోడుకు పట్టా తెచ్చుకోలేని ఆదివాసీ విశ్వాసికి, ఠాణాలో కుర్చీ చూపించని దళిత క్రైస్తవుడికి ఆ దారి ఎంత దూరమో మనకు తెలియదా? తుపాకీతో సంఘాన్ని కాపాడుకుందాం అంటే సంఘంలో నలుగురు డబ్బున్నవాళ్లు కాపాడబడతారని అర్థం.

నింద మాటా చూడండి. 2008లో స్వామి లక్ష్మణానంద హత్య తామే చేశామని మావోయిస్టులు ప్రకటించారు. అయినా పగ క్రైస్తవుల మీద తీర్చుకున్నారు. 2013లో ఆ కేసులో యావజ్జీవం పడినవారిలో ఏడుగురు క్రైస్తవులు. చేతిలో తుపాకీ లేనప్పుడే ఇలా జరిగితే, ఒక పాస్టరు సంచిలో లైసెన్సు రివాల్వర్ దొరికిన మర్నాడు ఏం జరుగుతుంది? మన కొండల్లో దళితులకూ ఆదివాసీలకూ మధ్య భూమి గొడవలు, రిజర్వేషన్ గొడవలు ఇప్పటికే ఉన్నాయి. కంధమాల్‌లో నిప్పు రాజేసినవాళ్లు వాడుకున్నది ఆ చీలికనే. మన జేబులోని ఆయుధాన్ని చూసి ముందు భయపడేది బయటినుంచి వచ్చిన గుంపు కాదు, పక్క వీధి పొరుగువాడు.

లూకా 22లో ప్రభువు కత్తి కొనుక్కోమన్నాడు కదా అంటున్నారు. ఆ అధ్యాయం చివరిదాకా చదవండి. శిష్యులు రెండు కత్తులు చూపిస్తే ఆయన ఆ మాట అక్కడితో చాలించాడు. రెండు కత్తులతో పన్నెండుగురిని ఎవరు కాపాడగలరు? అదే రాత్రి ఒక కత్తి లేచింది, ఒక పనివాడి చెవి తెగింది. ఆయన ఆపమని చెప్పి ఆ చెవి బాగుచేశాడు. మల్కు అనే ఆ దాసుడు ప్రధాన యాజకుడు కాదు, పెద్దలు పంపితే వచ్చిన కూలివాడు. గుంపుల్లో ముందు నిలబడేది ఎప్పుడూ మల్కులే.

అమెరికాలోని మన తెలుగువాళ్లు టెక్సాస్ సంగతి ఎత్తుతారు. 2019 డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో కాల్పులు జరిపినవాణ్ని సంఘంలోని సాయుధుడు ఆరు సెకన్లలో కాల్చి ఆపాడు. నిజమే, దానివల్ల కొన్ని ప్రాణాలు దక్కాయి. కానీ ఆ ఆరు సెకన్లలోనే ఇద్దరు సంఘస్థులు పోయారు, ఆ కాల్చిన మనిషి ఏళ్ల తరబడి సాధన చేసిన శిక్షకుడు. అదే దేశంలో 1993లో ఒక వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువని తేల్చింది. చంపేవాడు చాలాసార్లు బంధువో తెలిసినవాడో. తాగుడు, అప్పులు, పరీక్ష తప్పిన పిల్లలు ఉన్న మన ఇళ్లను తలుచుకోండి.

ఈ కొండల్లో తుపాకీకి కొదవ ఎప్పుడూ లేదు. 2000 డిసెంబరు 16న కాశీపూర్ దగ్గర మైకాంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. 2004లో మావోయిస్టులు కోరాపుట్ ఆయుధాగారాన్నే దోచుకున్నారు. వీటిలో ఏ తుపాకీ వల్ల ఏ పల్లె నిశ్చింతగా పడుకుంది? నియమగిరిని చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలు కూర్చుని వేదాంత గనిని వద్దన్నాయి, 12కి 12. వాటిలో ఏడు మన రాయగడ జిల్లావే. 1954లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ బిస్సమ్ కటక్‌లో మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి ఏ తుపాకీ కాపలాతో నిలబడింది? మలేరియాతో వచ్చిన బిడ్డ తల్లి ఏ దేవుణ్ని మొక్కుతుందని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ తల్లులే దాని ప్రహరీగోడ.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, మేము కాదనడం లేదు. మీద పడ్డవాణ్ని తోసెయ్యండి, తలుపు గడియ పెట్టండి, ఆడవాళ్లనూ పిల్లలనూ ముందు దాటించండి, ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత ఠాణాకు వెళ్లండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర ప్రక్రియా స్మృతి ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి. ఈ ఒక్క మాట మన యువజన కూడికల్లో ఎందరికి తెలుసు? కంధమాల్ కేసుల్లో పోలీసులు ఆధారాల్లేవని మూసేసిన 315 కేసులను మళ్లీ పరిశీలించమని 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం ఏమైందని మన సంఘాల్లో ఎవరైనా సమాచార హక్కు దరఖాస్తు పెట్టారా? దళిత క్రైస్తవుణ్ని షెడ్యూల్డు కులాల జాబితా నుంచి బయటపెట్టిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మీద ఎన్ని సంతకాలు సేకరించాం? దెబ్బతిన్న దళిత క్రైస్తవుడికి అట్రాసిటీ చట్టం అందకుండా అడ్డుగా నిలబడ్డది ఆ ఉత్తర్వే.

తమ్ముడూ, చెల్లెమ్మా, లక్షా 20 వేలు పోగుచేయగల సంఘం మీదైతే మా లెక్క ఇది: రెండు బ్లాకుల్లో ఒక న్యాయవాదికి ఏడాది పాటు రాకపోకల ఖర్చు, ప్రతి ఊరికీ ఇద్దరు యువకులకు ఎఫ్‌ఐఆర్ రాయించడంలో శిక్షణ, పాస్టర్ల ఇళ్ల దగ్గర నాలుగు సోలార్ దీపాలు. రాయగడ, బిస్సమ్ కటక్, మునిగుడల్లో ఏ సంఘం పిలిచినా ఈ పని మొదలుపెట్టడానికి వస్తాం. రివాల్వర్ దరఖాస్తు మీద సాక్షి సంతకానికి మాత్రం మా దగ్గరికి రాకండి.