ఖాళీ కుర్చీల లెక్క

మాది పార్టీ కాదు. మక్తల్ చుట్టుపక్కల ఊళ్ల రైతులం, కూలోళ్లం, రిటైరైన పంతుళ్లం. ఇన్నేళ్లు ఆఫీసుల ముందు చేతులు కట్టుకొని అర్జీలిచ్చినం. ఇకమీద లెక్క అడుగుతం.

2024 ఫిబ్రవరి మొదట్లో తెలంగాణలో సర్పంచుల గడువు తీరింది. కొత్త సర్పంచులు వచ్చేసరికి 2025 డిసెంబరు. నడుమ దగ్గర దగ్గర 22 నెలలు ఊరి పెత్తనం ప్రత్యేక అధికారిది. ఐదేండ్లు నిండకముందే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెప్తది. 2025 జూన్‌లో హైకోర్టు సెప్టెంబరు 30ని గడువుగా పెడితే అదీ దాటిపోయింది. ఎన్నికైన పాలకవర్గం లేదని 15వ ఆర్థిక సంఘం పైసలు ఆగినై. మోరీ తీయించేందుకు కూడా పైసలు వెతుక్కున్నది ఊరే, అధికారి కాదు. ఇది ఇప్పటి ప్రభుత్వం ఒక్కటే చేసిన పని కాదు. 2018 ఆగస్టు నుంచి ఆరు నెలలు అప్పటి ప్రభుత్వమూ ఊళ్లను ఇట్లనే నడిపింది.

సమాచార హక్కు ఉన్నది కదా అంటరు. రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా ఒక్క కమిషనరూ లేడు. రెండో అప్పీలు వేస్తే వినే దిక్కు లేకుండె. చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు, కుర్చీ నింపలేదు, అంతే. జీవోలనైతే 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టుమని 2021 ఆగస్టులో హైకోర్టే చెప్పాల్సి వచ్చింది.

గడువు ఎప్పుడు తీరుతదో ముందే తెలుస్తది గనుక మా పని ముందే మొదలైతది. ఇప్పటి పంచాయతీలకు 2030 డిసెంబరుతో ఐదేండ్లు నిండుతయి. ఆ జూన్‌లోనే ఎన్నికల సంఘానికీ ప్రభుత్వానికీ రాస్తం. అప్పుడు ఏ జెండా ఎగురుతున్నా ఇదే కాగితం, ఇదే ప్రశ్న. పార్టీ పదవి ఉన్నోళ్లు మాతో కూసోవచ్చు, మా తరఫున మాట్లాడొద్దు.

పంచాయతీ కార్యదర్శిని నలుగురిలో నిలబెట్టి అరవం. చేతికి దొరికిన చిన్న ఉద్యోగిని తిట్టి, సంతకం పెట్టిన పెద్ద సారును వదిలేసుడు మన ఊళ్లల్లో పాత అలవాటు. మాలోనూ ఉన్నది. దాన్ని మానుకుంటం. సంతకం ఎవరిదైతే ప్రశ్న వాళ్లకే.

ఒక్కడే అడిగితే ఆ ఒక్కడి పింఛను మీదికి, రేషను మీదికి వస్తదని భయం. అందుకే ఒకే ప్రశ్నను పదిమందిమి పది దరఖాస్తులుగా ఇస్తం.

గ్రామసభ వలస పోయినోళ్లు ఊళ్లో ఉన్నప్పుడు పెట్టాలి. బొంబాయిలో, పుణెలో మట్టి మోసేటోడి పేరు మీద ఇక్కడ తీర్మానం చేస్తే ఒప్పుకోం. వానకాలం ముందటి రోజులు, పీర్ల పండుగ దినాలు అందుకు తగినయి.

మా చందాల లెక్క, చాయ్ ఖర్చుతో సహా, నెలనెలా గోడకు అంటిస్తం.

సమాచార హక్కు కింద మొదటి దరఖాస్తు ఆ 22 నెలల మీద: ట్రాక్టరు డీజిల్‌కు ఎంత, వీధి దీపాలకు ఎంత, ఏ బిల్లు మీద ఎవరి సంతకం. జవాబుకు 30 రోజుల గడువు. పంచాయతీలో అడిగితే రుసుము లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10. రాయరానోళ్లకు మేమే రాసిపెడతం. వేలిముద్ర వేసేముందు చదివి వినిపిస్తం.