ఆకుపొడి పొట్లం ఎప్పుడు కడతారు?

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

మాది ఆనైమలై ఆయకట్టులో వరి పండించే తెలుగు కుటుంబం, కాపురం గాంధీపురంలో. ఈ ఉత్తరం తమిళంలోనూ పంపుతున్నాను.

వరిలో పొట్టకుళ్ళు సంగతి మీకు నేను చెప్పాలా? పోటాకు తొడుగుకు శిలీంధ్రం పట్టి, వెన్ను సగమే బయటికొస్తుంది. మిగతాది లోపలే కుళ్ళి తాలైపోతుంది. దీనికి మీ విశ్వవిద్యాలయమే మందు చెప్పింది. హెక్టారుకు 25 కిలోల సర్కారు తుమ్మ ఆకుపొడి, లేదా అంతే లొట్టపీసు ఆకుపొడి కషాయం. అదీ కాకుంటే 5 శాతం వేపగింజల కషాయం. పొట్టదశలో ఒకసారి, 15 రోజులకు మరోసారి కొట్టాలి.

సర్కారు తుమ్మంటే 2017లో హైకోర్టు మదురై ధర్మాసనం పెరికెయ్యమన్న చెట్టే. ఊరికే దొరుకుతుంది, నిజమే. కానీ ఎకరాకు 10 కిలోల పొడి కావాలంటే ఎంత ఆకు కొయ్యాలి, ఎక్కడ ఎండబెట్టాలి, ఏ మరలో ఆడించాలి? పైరు పొట్టకొచ్చాక ఆ తీరిక ఎవరికుంటుంది? రైతు రసాయన మందు సీసా కొనుక్కుంటాడు. దాన్ని బద్ధకం అనకండి. వేపగింజదీ ఇదే తంటా. మూడు నెలలైనా నిలవుండాలి, ఎనిమిది పది నెలలు దాటితే పనికిరాదు. అంగట్లో గింజ ఎప్పుడు రాలిందో ఎవరు చెబుతారు?

వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ 1994లో యూరప్ పేటెంటు సంపాదించాయి. 2000లో మ్యూనిక్‌లోని పేటెంటు ఆఫీసు దాన్ని రద్దుచేసింది, 2005లో అప్పీలూ పోయింది. మ్యూనిక్‌లో కొత్తదేం కాదని తేల్చిన వేపమందు ఆనైమలైలో అడిగితే దొరకదు!

తెగుళ్ళను అరికట్టే సూడోమోనాస్ బాక్టీరియాను టాల్కులో కలిపి పొట్లాలు కట్టి రైతుకు అందించింది మీ వాళ్ళే. ఆకుపొడికి ఆ పని ఎందుకు చెయ్యకూడదు? ఆకు కోసి ఎండబెట్టే పని మా ఊళ్ళ మహిళా సంఘాలకివ్వండి. మర, జల్లెడ, పొట్లం మీద తేదీ మీ పూచీ.

ఇంకొకటి. రైతుల మడుల్లోనే, సీసా మందు పక్కన కషాయం కొట్టి, రెంటి దిగుబడీ తూచి ప్రకటించండి. ఏది గెలిచినా దాచొద్దు. వరికే వచ్చే అగ్గితెగులు వెన్ను మెడ విరిచే దశలో కషాయం పనిచెయ్యకపోతే, పనిచెయ్యదనే పొట్లం మీద అచ్చు వెయ్యండి. సర్వరోగ నివారిణి అని నమ్మించి అమ్మేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

వచ్చే సాంబా పైరు పొట్టకు రాకముందే ఆ పొడి మా చేతికి అందేలా చూడండి.

ఇట్లు,
ఒక వరి రైతు,
గాంధీపురం, కోయంబత్తూరు